అప్‌డేట్: మీటింగ్‌లో ఆడవాళ్లు నోరు విప్పట్లేదని అడిగాను కదా

ఉప్పాడలో సముద్రం ఇళ్లని కోసేస్తోంది, ఊరు మార్చాల్సొస్తే ఆడవాళ్ల మాట పాలసీలోకి ఎలా రావాలన్నదే నా పీహెచ్‌డీ, కానీ మీటింగ్ పెడితే మగవాళ్లే మాట్లాడుతున్నారు ఏం చెయ్యాలి అని అడిగాను. మీటింగ్ వదిలేసి చేపలు ఎండబెట్టే చోటికి వెళ్లమని ఒకరన్నారు, వాళ్లకి చాలా చాలా థ్యాంక్స్ అండి, అదే పనిచేసింది.

పొద్దున్నే వెళ్లి వాళ్లతో పాటు చేపలకి ఉప్పు పట్టిస్తూ కూర్చున్నా. ఒక పిన్ని పుల్లతో ఇసుకలో గీసింది, ఇది ఇల్లు, ఇది చేపలారబెట్టే జాగా, ఇది కుళాయి, "రెండు సెంట్లిస్తే చేపలెక్కడ ఎండేసుకోవాలమ్మా, ఎవరైనా అడిగారా మమ్మల్ని?" అంది. నాకు మాట రాలేదు. ఫిజీలో కూడా ఇంతే, వునిదొగొలోవా ఊరిని 2014లో రెండు కిలోమీటర్లు లోపలికి మార్చినప్పుడు కొత్త ఇళ్లకి వంటగదులే పెట్టలేదు! ఊళ్ల తరలింపుకి అక్కడి ప్రభుత్వ గైడ్‌లైన్స్ 2018లో గానీ రాలేదు.

ఇంకోటి, పట్టా ఎవరి పేరు మీద ఇస్తారని వాళ్లే అడిగారు, నా ప్రశ్నల్లో అది లేనే లేదు. మా గైడ్‌తో మాట్లాడి దానికి విడిగా ఒక చాప్టర్ పెడుతున్నా, వచ్చే వారం మళ్లీ వెళ్తున్నా.