రిటైరైనవాళ్ల క్లబ్బు: సభ్యులు నిండుగా ఉన్నారు, వచ్చేవాళ్లే తగ్గుతున్నారు. కార్యక్రమాలు ఎలా వేసుకోవాలి?

కొత్త కార్యదర్శి

అందరికీ నమస్కారం. మా విశ్రాంత ఉద్యోగుల క్లబ్బులో సుమారు 40 మంది సభ్యులున్నారు. ఒక హాలు, పక్కనే ఒక చిన్న గది, రెండు క్యారమ్ బోర్డులు, నాలుగు చెస్ సెట్లు, ఒక మైకు సెట్టు ఉన్నాయి. వారానికి రెండు సాయంత్రాలు తెరుస్తాం. వచ్చేది పన్నెండు, పదిహేను మంది, అదీ ఎప్పుడూ వచ్చేవాళ్లే. ఉపన్యాసం పెడితే వెనక కూర్చున్నవాళ్లు సగంలోనే లేచి వెళ్లిపోతున్నారు. క్యారమ్స్ దగ్గర ఎప్పుడు చూసినా అదే నలుగురు, కొత్తవాళ్లు కాసేపు నిలబడి చూసి వెనక్కి తిరుగుతున్నారు. "మీకేం కావాలి?" అని కాగితాలు పంచితే చాలామంది "ఏదైనా పర్వాలేదు" అని రాసిచ్చారు.

కొత్త కార్యక్రమాలు చేర్చాలా, ఉన్నవాటినే మార్చాలా? క్యారమ్స్‌లో అందరికీ వంతు వచ్చేలా పోటీ ఎలా వేయాలి? పుస్తకాల మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఏడెనిమిది మంది ఉన్నారు, వాళ్లకు ఏం పెడితే నిలుస్తుంది? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పగలరు.

మైకు దగ్గర

కొత్తవి చేర్చే ముందు ఒక్కసారి ఆ వెనక వరుసలో కూర్చుని వినండి. ఉపన్యాసం మధ్యలో లేచి వెళ్లేవాళ్లలో చాలామందికి విషయం మీద ఆసక్తి లేక కాదు, మాట అందక. వయసుతో వచ్చే వినికిడి లోపంలో ముందుగా పోయేది పై స్థాయి ధ్వనులు. స, శ, ఫ, త లాంటి హల్లులు జారిపోతాయి, అచ్చులు మాత్రం బాగానే వినిపిస్తాయి. అందుకే "వినపడుతోంది గానీ ఏమన్నారో తెలియట్లేదు" అంటారు. అలాంటివాళ్ల దగ్గర గట్టిగా అరిస్తే పెరిగేది అచ్చులే, హల్లు అలాగే మసగ్గా ఉండిపోతుంది. కాస్త నెమ్మదిగా, ఎదురుగా, పెదవులు కనపడేలా మాట్లాడితే ఎక్కువ అందుతుంది.

ఖర్చు లేకుండా ముందు చేయగలిగినవి చెప్తాను. కుర్చీలను బడిలోలాగా వరుసలుగా వేయకండి. మాట్లాడే మనిషి చుట్టూ అర్ధచంద్రాకారంలో రెండు వరుసలు చాలు. దూరం రెట్టింపైతే నేరుగా చేరే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది, పైగా ఉత్త గోడల హాల్లో ప్రతిధ్వని వచ్చి ఆ మిగిలిన దాన్ని కూడా కలగాపులగం చేస్తుంది. కిటికీలకు మందపాటి తెరలు కట్టినా తేడా తెలుస్తుంది. వక్త వెనక కిటికీ ఉండకూడదు. వెలుతురు వెనక నుంచి పడితే ముఖం నల్లగా కనిపిస్తుంది, పెదవులు చదివే వీలు పోతుంది. వినికిడి యంత్రం పెట్టుకున్నవాళ్లను గోడకు వీపు ఆనేలా కూర్చోబెట్టండి. చాలా యంత్రాలు ముందు నుంచి వచ్చే మాటను ఎక్కువ పట్టుకునేలా చేస్తారు, వెనక గోల తగ్గితే వాళ్లకు పని తేలికవుతుంది.

ఇక మైకు. "నాకు మైకు అక్కర్లేదు, నా గొంతు పెద్దది" అనేవాళ్ల చేతికి కూడా మైకు ఇవ్వాల్సిందే. ఆ గొంతు మొదటి పది నిమిషాలే నిలుస్తుంది. మైకును నోటికి ఐదు నుంచి పది సెంటీమీటర్ల దూరంలో, గడ్డం వైపు నుంచి కొంచెం వాల్చి పట్టుకోవాలి. పైనున్న జాలీని గుప్పిట్లో మూసేస్తే వెనక నుంచి వచ్చే శబ్దాన్ని వదిలేసే గుణం పోతుంది, వెంటనే కీచుమంటుంది. స్పీకర్లు మైకు కంటే ముందు, ప్రేక్షకుల వైపు తిరిగి ఉండాలి. వక్త వెనక గోడకు బిగించి ఉంటే ఎంత సర్దినా కూత ఆగదు. ప్రేక్షకుల ప్రశ్నలకు రెండో మైకు లేకపోతే, వక్త ఆ ప్రశ్నను మైకులో మళ్లీ చెప్పి ఆ తర్వాతే జవాబివ్వాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే వెనక వరుస సగం నిలుస్తుంది.

ఉపన్యాసం 25 నిమిషాలు, ప్రశ్నలు 15. నలభై నిమిషాలు దాటితే మోకాళ్లు పట్టేస్తాయి, బాత్‌రూమ్‌కు వెళ్లాల్సిన వాళ్లు మొహమాటంతో బిగబట్టుకుని కూర్చుంటారు, మరోసారి రారు. మధ్యలో విరామం ఉంటుందని మొదట్లోనే ప్రకటించండి.

ఇంకో మాట. సాయంత్రాలు అన్నారు. కంటిపొర ఉన్నవాళ్లకు చీకట్లో ఎదురు బళ్ల లైట్లు చెదిరి కళ్లు బైర్లు కమ్ముతాయి, బండి నడపడం మానేస్తారు. ఒక సాయంత్రాన్ని పొద్దున 10:30 నుంచి 12 దాకా మార్చి, ఒక నెల హాజరు పుస్తకం చూడండి.

స్ట్రైకర్

క్యారమ్స్ సంగతి నేను చెప్తాను.

నాకౌట్ మాత్రం వేయకండి. ఎనిమిది జట్లుంటే ఏడు మ్యాచ్‌లతో ముగుస్తుంది గానీ, నాలుగు జట్లు మొదటి ఆటతోనే ఇంటికి పోతాయి. అలా పోయేది ఎప్పుడూ కొత్తవాళ్లే. అందరూ అందరితో ఆడే పద్ధతి అయితే 28 మ్యాచ్‌లు, రెండు బోర్డుల మీద అది సాగదు. పాత నలుగురి గుంపు విడిపోవాలంటే జట్లనే స్థిరంగా ఉంచకూడదు. ఎనిమిది మంది, రెండు బోర్డులు, ఏడు రౌండ్లు, ప్రతి రౌండుకీ భాగస్వామి మారాలి. పాయింట్లు మనిషి పేరు మీద రాయాలి.

ఆటగాళ్లకు 1 నుంచి 8 దాకా నంబర్లు ఇవ్వండి. మొదటి రౌండు ఇలా:

మొదటి బోర్డు: 8, 7 ఒక జట్టు, 1, 3 ఎదురు జట్టు.
రెండో బోర్డు: 2, 6 ఒక జట్టు, 4, 5 ఎదురు జట్టు.

తర్వాతి రౌండుకు 8 అలాగే ఉంటుంది. మిగతా ప్రతి నంబరుకూ ఒకటి కలపండి, 7 తర్వాత మళ్లీ 1 వేయండి. అంటే రెండో రౌండులో 8, 1 జట్టు 2, 4 తో ఆడుతుంది. 3, 7 జట్టు 5, 6 తో ఆడుతుంది. ఏడు రౌండ్లు అయ్యేసరికి ప్రతి మనిషీ మిగతా ఏడుగురిలో ఒక్కొక్కరితో ఒకసారి జట్టుగా, రెండుసార్లు ప్రత్యర్థిగా ఆడినట్టవుతుంది. ఒకరు తక్కువైతే కుదరదు కాబట్టి తొమ్మిదో మనిషిని ముందే సిద్ధంగా పెట్టుకోండి. మధ్యలో వెళ్లిపోయిన మనిషి నంబరు ఆయన తీసుకుంటారు. కాగితం మీద ఏడు రౌండ్లూ ముందే రాసి గోడకు అంటించండి. అక్కడికక్కడ లెక్క వేస్తే గొడవ ఖాయం.

పూర్తి నియమాల ప్రకారం గేమ్ 25 పాయింట్లకు గానీ ఎనిమిది బోర్డులకు (కాయలు ఒకసారి పేర్చి ముగించే ఆట ఒక బోర్డు) గానీ ముగుస్తుంది. క్లబ్బులో అంతసేపు ఆడితే ఒక్క రౌండే ముప్పావుగంట పడుతుంది. రౌండుకు రెండు బోర్డులు లేదా 20 నిమిషాలు, ఏది ముందైతే అది. గంట మోగాక కొట్టబోయే మనిషి వంతు పూర్తి చేసి ఆపాలి. ఆగిన బోర్డులో ఎవరి కాయలు తక్కువ మిగిలాయో వాళ్లకు ఆ తేడా పాయింట్లు. ఎర్రకాయకు కవర్ (దాని వెంటనే వేయాల్సిన సొంత కాయ) పడి ఉంటేనే దాని 3 పాయింట్లు. ఒక రోజు నాలుగు రౌండ్లు, మరో రోజు మూడు పెట్టుకుంటే ఎవరూ అలసిపోరు.

బోర్డును స్టాండు మీద పెట్టండి. ఆడే తలం నేల నుంచి 63 నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి. తక్కువ బల్ల మీద పెడితే వంగి వంగి నడుము పట్టేస్తుంది, ఆ నొప్పి మర్నాడు తెలుస్తుంది కాబట్టి ఎవరూ బోర్డును తప్పుపట్టరు, రావడం మానేస్తారంతే. లైటు బోర్డు మధ్యకు సరిగ్గా పైన, షేడు దించి, బల్బు కంట పడకుండా వేలాడదీయాలి. ట్యూబులైటు పక్క గోడ మీద ఉంటే పాలిష్ మీద మెరుపు పడి నల్లకాయకూ రంధ్రానికీ తేడా తెలియదు.

పౌడరు చిటికెడే వేయండి. ఎక్కువైతే స్ట్రైకర్ తేలినట్టు జారి కోణం తప్పుతుంది, మిగిలినదంతా నేల మీదికి రాలుతుంది. నున్నటి గచ్చు మీద ఆ పౌడరు ఎంత ప్రమాదమో చూసేదాకా నమ్మరు. బోర్డు కింద ఒక చాప పరిచి, ఆట అయ్యాక తడిగుడ్డతో తుడిచే పని ఎవరిదో పేరు రాసి పెట్టండి. చాప అంచు పైకి లేవకుండా టేపు వేయడం మరవద్దు, అది కాలికి తగిలితే అసలుకే మోసం.

కథాపఠనం

పుస్తకం ఇంట్లో చదివి వచ్చి చర్చించే పద్ధతి మీ ఏడెనిమిది మందితో రెండు నెలలు నడవడం కూడా కష్టం. ఒకరికి పుస్తకం దొరకదు, ఒకరికి అక్షరాలు చిన్నవి, ఒకరు సగమే చదివి మొహమాటంతో రారు. అక్కడికక్కడ ఒక కథ పైకి చదివి, దాని మీద మాట్లాడుకోండి. ఆరేడు పేజీల కథ ఇరవై ఇరవై ఐదు నిమిషాల్లో అయిపోతుంది, మాటలకు ఇంకో నలభై నిమిషాలు మిగులుతుంది. దీనికి మీ చిన్న గదే సరైనది.

ప్రతి ఒక్కరికీ కాపీ ఉండాలి. అక్షరం 18 పాయింట్లు, వరుసల మధ్య ఒకటిన్నర ఖాళీ, మెరవని కాగితం, ఒకే వైపు ముద్రణ. తెలుగులో ఒత్తులు, గుడులు కిందా పైనా ఉంటాయి కాబట్టి వరుసలు దగ్గరైతే పై వరుస ఒత్తు కింది వరుస గుడికి తగిలి చదువు తడబడుతుంది. పేజీ నంబర్లు పెద్దవిగా వేయండి. "మూడో పేజీ కింది నుంచి రెండో పేరా" అని చెప్పగలిగితేనే చర్చ కథ మీద నిలుస్తుంది.

వంతులవారీగా అందరూ చదవాలని పట్టుబట్టకండి. పక్షవాతం తర్వాత మాట తడబడేవాళ్లు, కంటి ఆపరేషన్ అయినవాళ్లు ఉంటారు. చదివేవాళ్లను ముందే ఇద్దరిని అనుకోండి, మూడు పేజీలకొకసారి మార్చండి. ఇంకా చదవాలనుకునేవాళ్లు చెయ్యెత్తుతారు.

"కథ ఎలా ఉంది?" అని మొదలుపెడితే "బాగుంది" తో ఆగిపోతుంది. ఒక చోటు పట్టుకుని అడగండి: తల్లి ఆ ఉత్తరం ఎందుకు చించలేదు, కొడుకు పేరు చివరిదాకా ఎందుకు రాలేదు, ఇలా. కథకు రెండు ప్రశ్నలు చాలు. అందరూ ఒక్కోసారి మాట్లాడేదాకా ఎవరూ రెండోసారి మాట్లాడకూడదన్న నియమం మొదటి రోజే పెట్టండి. తర్వాత పెడితే ఫలానా మనిషి కోసమే పెట్టారనుకుంటారు. పది మంది దాటితే రెండు బల్లలు చేయండి.

కొత్త కార్యదర్శి

ధన్యవాదాలండి. స్ట్రైకర్ గారూ, ఎనిమిదికి బదులు పన్నెండు మంది వస్తే ఏం చేయాలి? అలాగే కబురు అందరికీ చేరడం లేదు. వాట్సాప్ గ్రూపు ఉంది గానీ శుభోదయాల కింద అసలు సంగతి కొట్టుకుపోతోంది. కొందరికి మామూలు ఫోన్లే.

స్ట్రైకర్

పన్నెండు మందైతే ఎనిమిది మంది క్యారమ్స్‌లో, నలుగురు చెస్‌లో. చెస్‌లో నలుగురికి ఆరు ఆటలు, మూడు రౌండ్లు. చెస్ గడియారాలుంటే మనిషికి 10 నిమిషాలు పెట్టండి. క్యారమ్స్ రెండో రోజు మూడు రౌండ్లకు చెస్ మూడు రౌండ్లు జోడించుకుంటే, అందరూ ఒకేసారి లేస్తారు.

ఉదయపు నడక

గ్రూపు సంగతి. రెండు గ్రూపులు చేయండి. ప్రకటనల గ్రూపులో అడ్మిన్లు మాత్రమే సందేశాలు పంపేలా సెట్టింగ్ మార్చండి, వారానికి రెండు సందేశాలు మించకూడదు. రోజు, గంట, ఏం జరుగుతుంది, ఎన్నింటికి ముగుస్తుంది, ఈ నాలుగూ మొదటి రెండు వరుసల్లోనే ఉండాలి. ముగిసే సమయం చాలామంది రాయరు. తిరిగి తీసుకెళ్లే కొడుకో కోడలో ఎప్పుడు రావాలో తెలియకే కొందరు మానేస్తారు. శుభోదయాలకు రెండో గ్రూపు.

మామూలు ఫోన్లకు గొలుసు. మీరు ఆరుగురికి చేస్తారు, ఆ ఆరుగురూ తలా ఆరుగురికి చేస్తే 42 మంది అవుతారు, మీ 40 మందికీ సరిపోతుంది. ఒక్కో గొలుసు చివరి మనిషి తిరిగి మీకు ఫోన్ చేయాలి, లేకపోతే ఎక్కడ తెగిందో తెలియదు. ఇదే జాబితాతో ఇంకో పని: వరుసగా రెండు వారాలు రాని సభ్యుడికి తన గొలుసులో మనిషే ఫోన్ చేయాలి. "ఎందుకు రాలేదు?" అని అడగకండి, "వచ్చే వారం ఫలానాది ఉంది, మీ కుర్చీ ఉంచుతాం" అనండి.

ఆ కాగితం మీద "మీకేం కావాలి?" తీసేసి మూడు ప్రశ్నలు వేయండి: మీరు పది నిమిషాలు ఇంకొకరికి ఏం చూపించగలరు? ఏ వేళ అసలు కుదరదు? ఇంటికి ఎలా వెళ్తారు? మొదటిదానికి వచ్చే జవాబులతోనే మూడు నెలల కార్యక్రమాలు తయారవుతాయి. స్టాంపులు, రేడియో రిపేరు, కుట్టుపని, పన్ను ఫారాలు, ఏదైనా రావచ్చు. స్టాంపులవాళ్లుంటే ఒక జాగ్రత్త చెప్పండి. కవరు మీది పాత స్టాంపు గోరువెచ్చని నీళ్లలో పావుగంటకు విడిపోతుంది గానీ, రంగు కవర్లను విడిగా నానబెట్టాలి, లేకపోతే ఎరుపు దిగి మిగతావన్నీ పాడవుతాయి. వెనక అంటుకునే స్టిక్కరు రకాలు మామూలు నీళ్లకు చాలావరకు ఊడవు, వాటిని చుట్టూ కాగితం వదిలి కత్తిరించడమే మేలు.

నడక బృందం పెట్టాలనుకుంటే వారానికి మూడు రోజులతో మొదలుపెట్టండి. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల మోస్తరు శ్రమ, దానికితోడు మూడు రోజులైనా తూలకుండా నిలబడే సాధన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల్లో చెప్పింది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అదే మోస్తరు వేగం. ముందొకరు, అందరికంటే వెనక ఒకరు ఉండాలి, వెనకున్న మనిషిని దాటి ఎవరూ మిగిలిపోకూడదు. ఇద్దరి దగ్గరా అందరి ఇంటి ఫోన్ నంబర్లూ ఉండాలి.