పూరి ఎప్పుడు వెళ్తే బాగుంటుంది, సంచిలో ఏం సర్దాలి? (రాయగడ నుంచి)

రాయగడ కుర్రోడు:
అందరికీ నమస్కారం. మా ఇంట్లో పూరి ప్రయాణం మీద చర్చ మొదలై చాలాకాలమైంది, బండెక్కింది మాత్రం లేదు. అమ్మకి జగన్నాథుడి దర్శనం కావాలి, కానీ మోకాళ్ల నొప్పులు. పిల్లలకి సముద్రం కావాలి, వాళ్లు నాగావళిని మించిన నీళ్లు చూడలేదు. మా ఆవిడకి తుఫాను పేరెత్తితే టెన్షన్. నాకు సెలవు దసరాకి గాని, క్రిస్మస్‌కి గాని, మే నెలలో గాని దొరుకుతుంది. ఈ మూడింట్లో ఏది నయం? బట్టలవీ ఏం తీసుకెళ్లాలి? నెట్‌లో ఎక్కడ చూసినా “అక్టోబర్ నుంచి మార్చి దాకా అనుకూలం” అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. మనవైపు నుంచి వెళ్లొచ్చినవాళ్లు చెబితే వింటాను.

బరంపురం పట్టు:
తమ్ముడూ, ఆ “అక్టోబర్ నుంచి” అన్నదాన్ని ముందు కొట్టెయ్. మన తీరంలో అక్టోబర్ అంటే ఏమిటో మా బరంపురం వాళ్లని అడుగు. 1999 అక్టోబర్ 29న సూపర్ సైక్లోన్. 2013 అక్టోబర్ 12న ఫైలిన్, సరిగ్గా మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. మరుసటి ఏడాది అదే తేదీన విశాఖ మీద హుద్‌హుద్. 2018 అక్టోబర్ 11న పలాస దగ్గర తిత్లీ. 2024లో కూడా అక్టోబర్ ఆఖర్లో దానా వస్తోందని పూరిలో ఉన్న యాత్రికులను ఖాళీ చేసి వెళ్లమన్నారు.

వానాకాలం వెనక్కి తగ్గే ఈ రోజుల్లో సముద్రం ఇంకా వేడిగానే ఉంటుంది. వానాకాలంలో పైన వీచే బలమైన గాలులు అల్పపీడనాన్ని పెద్ద తుఫానుగా ఎదగనివ్వవు. అక్టోబర్‌కి ఆ గాలులు సడలిపోతాయి. అంతే, అదుపు లేకుండా పెరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లోనూ అదే పరిస్థితి. పూరిని చితక్కొట్టిన ఫణి 2019 మే 3న వచ్చింది. అంటే నువ్వు చెప్పిన మూడింట్లో రెండు తుఫాను కాలాలే.

దసరాకే వెళ్తానంటే వద్దనను, తుఫాను ఏటా రాదు కదా. కానీ ముందుగా డబ్బు కట్టేటప్పుడు రద్దు చేస్తే వెనక్కిస్తారా లేదా అడిగి కట్టు. దానా అప్పుడు మా తోడల్లుడు ఒక హోటల్‌కి ముందే మొత్తం కట్టాడు (పేరెందుకులే). గవర్నమెంటే వెళ్లిపొమ్మన్నా పైసా ఇవ్వలేదు వాళ్లు. రైలు నయం, రైల్వేవాళ్లే బండి రద్దు చేస్తే టికెట్ డబ్బంతా తిరిగొస్తుంది. వాతావరణ శాఖ నాలుగైదు రోజుల ముందే చెబుతుంది, ఆ బులెటిన్ చూశాకే సామాను సర్దు.

పర్లాకిమిడి టీచరమ్మ:
వాతావరణం సంగతి సరే, బాబూ. మీ అమ్మగారికి కావలసింది దర్శనం. దానికి చూడాల్సింది పంచాంగం.

జ్యేష్ఠ పౌర్ణమి నాడు స్వామికి స్నానం చేయిస్తారు. ఆ తర్వాత జ్వరమొచ్చిందని రథయాత్ర ముందురోజు దాకా ఎవరికీ కనపడరు. దీన్ని అణసర అంటారు. తర్వాత రథమెక్కి గుండిచా గుడికి వెళ్తారు, నీలాద్రి బిజె రోజున గాని తిరిగి గర్భగుడి చేరరు. అంటే నాలుగు వారాల పాటు పెద్ద గుడిలో రత్న సింహాసనం మీద మూలమూర్తులు ఉండవు. రథం మీద చూడాలనుకునేవాళ్లకి అది పండగే. కానీ మోకాళ్ల నొప్పులతో ఆ జనంలోకి తీసుకెళ్లకండి. అణసర రోజుల్లో వెళ్లి “ఇంతదూరం వస్తే దేవుడే లేడు” అని గుమ్మం దగ్గర తిట్టుకునేవాళ్లని చూశాను. క్యాలెండర్ చూసుకోకపోవడం స్వామి తప్పా? ఆ రోజుల్లో ఇరుక్కుంటే బ్రహ్మగిరి అలారనాథ్ గుడికి వెళ్లాలి, భక్తులంతా అక్కడికే పోతారు. క్షీరప్రసాదం బాగుంటుంది.

ఈ తేదీలు ఏటా మారతాయి. 2025లో రథయాత్ర జూన్ 27. 2026లో అధిక జ్యేష్ఠం రావడంతో జూలై 16కి జరిగింది. కిందటేడు జూన్‌లో అయిపోయింది కదా అని లెక్క వేసుకుంటే కుదరదు.

మన తెలుగువాళ్లు తరచూ పొరబడేది కార్తీకంలో. మనకి కార్తీకం దీపావళి వెళ్లాక మొదలవుతుంది. ఒడియావాళ్లకి పౌర్ణమితో నెల మారుతుంది కాబట్టి దీపావళికి పక్షం ముందే, కుమార పౌర్ణమి (మన ఆశ్వయుజ పౌర్ణమి) మర్నాటి నుంచే కార్తీకం. “ఇంకా కార్తీకం రాలేదు, ఖాళీగా ఉంటుంది” అనుకుని వెళ్తే అప్పటికే నెలంతా ఒంటిపూట తినే హవిష్య వ్రతం పట్టిన ముసలమ్మలతో ఊరు నిండిపోయి ఉంటుంది. చివరి ఐదు రోజులు, పంచుక అంటారు, అడుగు తీసి అడుగు వేయలేరు.

రాయగడ కుర్రోడు:
టీచరమ్మ గారూ, ఈ కార్తీకం సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మరి క్రిస్మస్ సెలవులు?

పర్లాకిమిడి టీచరమ్మ:
డిసెంబర్ 25 నుంచి జనవరి 1 దాకా వద్దు. వాతావరణానికి వంక లేదు గాని కలకత్తా అంతా అక్కడే ఉంటుంది. జనవరి 1న క్యూ సంగతి అసలు అడక్కండి. లోపల గుడి మెట్లే ఇరవై రెండు. బైసి పహచ అంటారు. జనం తోపులాట లేకపోతే మీ అమ్మగారు ఒక్కొక్కటే మెల్లగా ఎక్కగలరు, వెనక నుంచి నెడుతుంటే కష్టం.

సునాబెడ చలి:
వేసవి గురించి నేను చెప్తా. మే నెలలో పేపర్ చూస్తే టిట్లాగఢ్ 45, పూరి 34, 35 అని ఉంటుంది. అది చూసి “అబ్బ, చల్లగా ఉంది, పోదాం” అనుకుంటారు. ఆ 34 మన కొండల మీద 34 కాదు. గాలిలో తేమ నిండిపోయి ఉంటుంది, పట్టిన చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. రాత్రి కూడా 27కి దిగడం కష్టమే. ఏసీ లేని రూమ్‌లో మంగళగిరి పానకంలా చెమట కారుతూనే ఉంటుంది. మధ్యాహ్నం గుడి ప్రాంగణంలో రాళ్లు కాలిపోతాయి, చెప్పులు లేకుండా నడవాలి. మేలోనే తప్పదంటే తెల్లారకముందు గుడికి, సాయంత్రం నరేంద్ర చెరువుకి వెళ్లండి. అక్షయ తృతీయ నుంచి చందన యాత్ర, పడవల్లో దేవుళ్లని తిప్పుతారు. పిల్లలకి నచ్చుతుంది.

ఇక బట్టలు. కోరాపుట్, సునాబెడ వాళ్లు చలికాలంలో పూరికి మంకీ క్యాపులు, శాలువాలు, రెండేసి స్వెటర్లు మోసుకెళ్తారు. జనవరిలో కూడా పూరిలో పగలు 27 దాకా ఉంటుంది, తెల్లవారుజామున 16, 17. ఒక్క పల్చటి స్వెటర్ చాలు. అది కూడా ఎక్కువగా పనికొచ్చేది తిరుగు ప్రయాణంలో. హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ రాత్రంతా నడిచి తెల్లారేసరికి మన ఘాట్లలో ఉంటుంది. అందుకని స్వెటర్‌ని పెద్ద సూట్‌కేస్ అడుగున కాకుండా చేతి సంచిలో పెట్టుకోవాలి. మిగతావన్నీ నూలువే, వదులుగా. జీన్స్ మాత్రం వద్దు, ఒకసారి ఉప్పునీళ్లలో తడిస్తే రెండు రోజులైనా ఆరదు.

గుణుపురం ప్యాసింజర్:
జీన్స్ మీద అంత కోపమెందుకన్నా 😄 నేను వేసుకెళ్లాను, బతికే ఉన్నాను. అందరూ చలికాలం చలికాలం అంటున్నారు గాని, ఆగస్టులో పూరి చూశారా ఎవరైనా? రూములు చవక, బీచ్ ఖాళీ, ఆకాశమూ సముద్రమూ ఒకే రంగులో ఉంటాయి. గుణుపురం నుంచి నేరుగా పూరికే బండి ఉంది మాకు, మారే పని లేదు. గొడుగు మాత్రం తీసుకెళ్లకండి, బీచ్ గాలికి మొదటి రోజే తిరగబడి విరిగిపోతుంది. రెయిన్‌కోటు ఉండాలి. ఫోన్‌కి జిప్ ఉన్న ప్లాస్టిక్ కవరు. బట్టలు మాత్రం ఆరవు, అది ఒప్పుకుంటా. రెండు జతలు ఎక్కువ పట్టుకెళ్లాలి.

గోపాల్‌పూర్ అల:
ప్యాసింజర్ తమ్ముడూ, ఒంటరి కుర్రోడివి కాబట్టి ఆగస్టు బాగుంది నీకు. చిన్నపిల్లలున్న ఇంటికి ఆ సలహా ఇవ్వకు. మాది వేట చేసే కుటుంబం, చుట్టాలు పూరి పెంటకటాలో ఉన్నారు. నైరుతి గాలులున్నన్నాళ్లు ఆ సముద్రం మంచిది కాదు.

పూరి ఒడ్డు విశాఖ ఆర్కే బీచ్ కన్నా నయం అనుకోవద్దు. అల సరిగ్గా ఒడ్డు మీదే విరుగుతుంది, నాలుగడుగులు వేస్తే లోతు. అలల మధ్య ఒకచోట నురగ లేకుండా నీళ్లు నిదానంగా, కాస్త నల్లగా కనిపిస్తే పిల్లలు అక్కడికే పరిగెత్తుతారు. నీళ్లు లోపలికి లాగేది అక్కడే. అందులో చిక్కితే ఒడ్డు వైపు ఎదురీదకూడదు, పక్కకి ఈదుకుంటూ బయటపడి అప్పుడు ఒడ్డుకి రావాలి. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అలలు కాస్త నెమ్మదిస్తాయి.

ఒడ్డున కోసు టోపీలు పెట్టుకుని నోలియాలు, అంటే స్నానాలకి దిగేవాళ్లని కాపు కాసే బెస్తవాళ్లు, ఉంటారు. వాళ్లు మనవాళ్లే, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. “మామా, ఇవాళ ఎక్కడ దిగొచ్చు?” అని తెలుగులో అడుగు, ఎంత బాగా చూసుకుంటారో. పిల్లల్ని దింపేటప్పుడు ఒక నోలియాని పెట్టుకో, ముందే రేటు మాట్లాడుకో. ఇంకా భయమైతే బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన, భద్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చిన గోల్డెన్ బీచ్‌కి వెళ్లు. 2020లో వచ్చింది. అక్కడ లైఫ్‌గార్డులు, స్నానానికి షవర్లు, బట్టలు మార్చుకునే గదులు ఉన్నాయి.

ఇంకొకటి. మే నెలలో చేపల కోసం వెళ్లేవాళ్లు ఉంటారు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం. అప్పుడు మంచి చేప దొరకడం తక్కువ, దొరికినా ధర ఎక్కువ.

బరంపురం పట్టు:
అల అన్న చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. పిల్లలకి సముద్రంలోకి పాత బట్టలు వెయ్, ఇంటికి తేవాలన్న ఆశ పెట్టుకోకు. ఆ ఇసుక ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు.

రాయగడ కుర్రోడు:
గుడికి ఏం వేసుకోవాలో కూడా చెప్పండి. మా పెద్దాడికి పదమూడేళ్లు, నిక్కరు తప్ప వేసుకోడు. అమ్మ మాత్రం పులిహోర, దప్పళం, స్టవ్వు, ఇవన్నీ పట్టుకెళ్దామంటోంది.

పర్లాకిమిడి టీచరమ్మ:
2024 జనవరి 1 నుంచి నియమం కచ్చితం చేశారు. నిక్కర్లు, చిరిగిన జీన్స్, చేతుల్లేని జాకెట్లు, స్కర్టులు ఉంటే లోపలికి పంపరు. పెద్దాడికి ఒక ప్యాంటో పంచో పెట్టండి. తోలు వస్తువు ఏదీ కుదరదు. బెల్టు, పర్సు రెండూ చూసుకోండి. గుడ్డ సంచిలో చిల్లర, నోట్లు వేసుకుని వెళ్తే ఆ పేచీ ఉండదు. ఫోన్లు కూడా బయట అప్పజెప్పాలి. లోపల తప్పిపోతే ఫోన్ చేసుకోలేరు కాబట్టి, సింహద్వారం దగ్గర ఫలానా చోట కలుద్దామని ముందే అనుకోండి. చెప్పులు పోయినా బాధపడని జత వేసుకోండి.

స్టవ్వు దేనికి తల్లీ అని అమ్మగారితో నేను చెప్పానని చెప్పండి. ఆనంద బజారులో మహాప్రసాదం ఉంది. అన్నం, డాల్మా, బేసర, కుండల్లో వేడివేడిగా. నేలమీద కూర్చుని తినాలి, మోకాళ్లకి కష్టమైతే కట్టించుకుని రూమ్‌కి తెచ్చుకోవచ్చు. పులిహోర రైలు వరకు పెట్టుకోండి, దప్పళం ఇంట్లోనే వదిలేయండి. మందులు మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి. వాటితో పాటు ఓఆర్ఎస్ ప్యాకెట్లు.

సునాబెడ చలి:
వెళ్లేటప్పుడు ఒక ఖాళీ సంచి మడిచి పెట్టుకో. వచ్చేటప్పుడు ఖాజాలకి కావాలి. ఖాజాల పెట్టె మీద తడి తువ్వాలు పెడితే మెత్తబడిపోతాయి.

రాయగడ కుర్రోడు:
అందరికీ చాలా థాంక్స్. ఇంట్లో మాట్లాడాను. నేనడిగిన మూడూ పక్కనపెట్టి, సంక్రాంతి అయ్యాక వచ్చే వారాల్లో వెళ్దామనుకుంటున్నాం. పిల్లలకి బడి కొన్నాళ్లు మానిపిస్తా, నాకు లీవు ఎలాగో అడుగుతా. చిలికా కూడా చూసుకోవచ్చా?

గోపాల్‌పూర్ అల:
మంచి సమయం. చిలికాలో వలస పక్షులు అప్పుడే ఉంటాయి. పూరి నుంచి సాతపడా వెళ్తే డాల్ఫిన్లు, పక్షులు మాత్రమే కావాలంటే మంగళాజోడి.

పర్లాకిమిడి టీచరమ్మ:
మాఘ సప్తమి, అదే మన రథసప్తమి, ఎప్పుడొచ్చిందో చూసుకోండి బాబూ. ఆ రోజు కోణార్క్ చంద్రభాగ దగ్గర స్నానాలకి విపరీతమైన జనం, పూరిలోనూ రూములు దొరకవు. జనవరి 26 దగ్గర వరస సెలవులు వచ్చినా అంతే. ఇంకో చిన్న విషయం, బుధవారమో గురువారమో బనకలాగి సేవ (స్వామి ముఖానికి రంగులద్దే సేవ) పెడితే నాలుగైదు గంటలు దర్శనం ఆపేస్తారు. వెళ్లిన రోజే పండాని (గుడి పూజారిని) అడిగి తెలుసుకోండి.

గుణుపురం ప్యాసింజర్:
రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు, పాత 120 రోజుల లెక్క పోయింది. హీరాఖండ్‌లో అయితే భువనేశ్వర్ దాకా పోకు, ఖుర్దా రోడ్‌లో దిగితే పూరి 44 కిలోమీటర్లే, బండ్లు బోలెడు. అమ్మగారి వయసు సరిగ్గా వేయి, 45 దాటిన ఆడవాళ్లకి లోయర్ బెర్త్ కోటా ఉంది.

రాయగడ కుర్రోడు:
వేస్తా అన్నా. అమ్మకి అరవై ఎనిమిది, ఆధార్‌లో మాత్రం అరవై ఒకటి ఉంది. ఏది వేయమంటావ్?

గుణుపురం ప్యాసింజర్:
ఆధార్‌లో ఉన్నదే వెయ్యి. హోటల్లో కూడా అదే చూస్తారు.