రూట్ గ్రాఫ్ ఎటు జరపాలి? పుస్తకంలో జవాబు కలవట్లేదు

ట్యూషన్ అక్క, బ్రాడీపేట:
రాత్రి తొమ్మిదింటికి కూర్చున్నానండి, పన్నెండు దాటింది, ఒక్క లెక్కకి ఆరు గ్రాఫ్ పేపర్లు అయిపోయినయ్. పేరెంట్ ఫంక్షన్, అంటే ఏ మార్పూ చేయని అసలు గ్రాఫ్, రూట్ ఎక్స్. లోపల ప్లస్ 4 ఉంది కాబట్టి ఎడమకి 4, బయట ప్లస్ 1 ఉంది కాబట్టి పైకి 1, అంతే గదా? అప్పుడు (−4, 1) దగ్గర మొదలవ్వాలి. పుస్తకం వెనక చూస్తే (2, 1) అని ఉంది, పైగా గీత ఎడమకి పోతోంది. పుస్తకం తప్పా నేను తప్పా? పొద్దున ఆరింటికల్లా ఇంటర్ పిల్లలు వచ్చేస్తారు, ఎవరన్నా మెలకువగా ఉంటే చెప్పండి.

పటమట:
లెక్క మొత్తం పెట్టండి.

సత్యనారాయణపురం మాస్టారు:
అమ్మా, ముందు ఒక మాట. ఫంక్షన్‌కి ప్రమేయం అనీ, డొమైన్‌కి, అంటే ఎక్స్‌కి పెట్టగల విలువలకి, ప్రదేశం అనీ, రేంజ్‌కి, అంటే వైకి వచ్చే విలువలకి, వ్యాప్తి అనీ తెలుగు మీడియం పుస్తకాల్లో చక్కటి మాటలున్నాయి, వాడండి. రెండోది, √9 ఎంతంటే పిల్లలు ప్లస్సార్ మైనస్ 3 అంటారు. కాదు. √ గుర్తు పెట్టామంటే 3 ఒక్కటే. ఎక్స్ స్క్వేర్ = 9 అని ఇస్తేనే రెండూ వస్తాయి. అందుకే ఈ గ్రాఫ్ అడ్డంగా పడుకున్న పరావలయంలో పై సగమే, కింది సగం కూడా గీస్తే ఒక్కో ఎక్స్‌కి రెండేసి వైలు వచ్చి అసలు ప్రమేయమే కాకుండా పోతుంది.

ట్యూషన్ అక్క, బ్రాడీపేట:
పై సగమే గీశాను మాస్టారూ, నా ఇబ్బంది అది కాదు. లెక్క ఇదండి: వై = √(4 − 2ఎక్స్) + 1

పటమట:
మైనస్ 2 ఉందని ఇప్పుడా చెప్పేది. కామన్ తీయండి.

రిటైర్డ్ ఇంజనీరు, తాడేపల్లి:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోవద్దు. రూట్ గ్రాఫ్ పిల్లలకి నీళ్ళతో చెప్పమ్మా. డ్రమ్ము అడుగున బెజ్జం పెడితే నీళ్ళు దూకే వేగం √(2జీహెచ్), జీ అంటే గురుత్వ త్వరణం, హెచ్ అంటే బెజ్జం పైన నీళ్ళ ఎత్తు, ఈ సంగతి ఇటలీ ఆయన టొరిచెల్లి 1644లోనే అచ్చేశాడు. నీళ్ళ ఎత్తు నాలుగింతలైనా వేగం రెండింతలే అవుతుంది. వంపు మొదట్లో నిటారుగా లేచి పోనుపోను వాలిపోయేది అందుకే. బ్యారేజీ గేటు కింద నీళ్ళు చూసినా నాకు ఈ గ్రాఫే గుర్తొస్తుంది.

బీటెక్ తమ్ముడు, మంగళగిరి:
అక్కా, ఎక్స్ పక్కన అంకె ఉన్నప్పుడు ప్లస్ 4 చూడగానే 4 జరిపేయకూడదు. −2 కామన్ తీస్తే √(−2(ఎక్స్ − 2)) + 1. మైనస్ వల్ల ఎడమకి తిరుగుద్ది, 2 వల్ల అడ్డంగా సగానికి నొక్కుకుంటది, ఆ తర్వాత కుడికి 2, పైకి 1. లోపల 0, 1, 4, 9 వచ్చేట్టు ఎక్స్ పట్టుకోండి, పాయింట్లు నీట్‌గా వస్తాయి: (2, 1), (1.5, 2), (0, 3), (−2.5, 4). డొమైన్ ఎక్స్ 2 గానీ అంతకంటే తక్కువ గానీ, రేంజ్ 1 నుంచి పైకి.

పటమట:
నొక్కడం కాదు. నిలువుగా √2 రెట్లు సాగదీయడం.

బీటెక్ తమ్ముడు, మంగళగిరి:
రెండూ ఒకటే అన్నా. √(4 − 2ఎక్స్) అన్నా √2 × √(2 − ఎక్స్) అన్నా అదే గీత.

సత్యనారాయణపురం మాస్టారు:
నొక్కడం అనకు బాబూ, సంకోచం అను.

ట్యూషన్ అక్క, బ్రాడీపేట:
అయితే ముందు ఎడమకి 4 జరపడమే తప్పా? పిల్లలు కచ్చితంగా ఇదే అడుగుతారు.

బీటెక్ తమ్ముడు, మంగళగిరి:
తప్పు కాదక్కా, మీరు అక్కడితో ఆపేశారు. ఎడమకి 4 జరిపితే మొదలు −4. సగానికి నొక్కితే −2. వై అక్షం మీద తిరగేస్తే 2. ఇట్టా వెళ్ళినా అక్కడికే వస్తారు. కానీ ముందే తిరగేసి ఆ తర్వాత ఎడమకి 4 జరిపితే మాత్రం దెబ్బతింటారు, అప్పుడు కుడికి జరపాలి.

పటమట:
లోపలిది సున్నా చేస్తే మొదలెక్కడో తెలుస్తుంది. 4 − 2ఎక్స్ = 0. ఇంత చర్చ అక్కర్లేదు.

ట్యూషన్ అక్క, బ్రాడీపేట:
ఏడో పేపర్ మీద వచ్చిందండి, (0, 3) కూడా సరిగ్గా పడింది. థ్యాంక్స్ తమ్ముడూ, ఇక పడుకుంటా.

రిటైర్డ్ ఇంజనీరు, తాడేపల్లి:
డ్రమ్ము బదులు ప్లాస్టిక్ బాటిల్ అయినా సరిపోద్దమ్మా, బెజ్జం సన్నగా పెట్టు.