మా పెరటి తేనెపిట్ట రంగు మారిందా, లేక ఇది వేరే పిట్టా?

ప్రశ్న

నమస్కారం. మాది అనంతపురం శివారు. ఇంటి వెనుక తుమ్మ, రేగు పొదలతో నిండిన బీడు, పెరట్లో రెండు మందార మొక్కలు ఉన్నాయి. ఏప్రిల్‌లో బట్టలారేసే తీగకు ఒక చిన్న పిట్ట సంచిలాంటి గూడు వేలాడదీసింది. అల్లినదంతా పసుపు పొట్ట ఉన్న పిట్టే. ఎండ పడితే నీలంగా, ఊదాగా మెరిసే నల్లపిట్ట మాత్రం పక్క కొమ్మ మీద కూర్చుని పాడేది. పిల్లలు క్షేమంగా ఎగిరిపోయాయి. ఇప్పుడు, అక్టోబరులో, ఆ నల్లపిట్ట జాడే లేదు. గొంతు నుంచి పొట్ట దాకా నల్లచార ఉన్న పసుపు పిట్ట ఒకటి మందారాల దగ్గరికి వస్తోంది. ఇది వేరే జాతా? దీనికి చక్కెర నీళ్లు పెట్టవచ్చా?

జవాబు 1

జాతి అదేనండీ, ఊదా తేనెపిట్ట. గూడు కట్టే కాలం ముగిశాక మగపిట్ట మెరిసే ఈకలను రాల్చి, దాదాపు ఆడపిట్టలా పసుపు రంగులోకి మారుతుంది. ఆ నల్లచార మాత్రం మిగులుతుంది. ఈ ఏడు పుట్టిన మగపిల్లకు కూడా ఇలాంటి చారే వస్తుంది కనుక, రెక్క మొదట్లో నీలి మెరుపు ఉందేమో చూడండి. ఉంటే అది ఎదిగిన మగపిట్టే.

జవాబు 2

చక్కెర నీళ్లు అక్కరలేదని నా గట్టి అభిప్రాయం. పది సెంటీమీటర్ల ఈ పిట్ట తేనెతో పాటు పురుగులనూ, సాలీళ్లనూ తింటుంది. పిల్లలకు ముఖ్యంగా పెట్టేది కూడా పురుగులనే. గడ్డిపోచలను, ఎండుటాకు ముక్కలను, బెరడు పెచ్చులను కలిపి గూడుగా నిలబెట్టేది సాలెగూటి దారమే కాబట్టి, పెరటి మూలల్లోని బూజును పూర్తిగా దులపకుండా కొంత వదిలేయండి, మొక్కలకు పురుగుమందు కొట్టకండి. మీ చుట్టుపక్కల మామిడి చెట్టుకు బదనిక, అంటే కొమ్మల మీద మొలిచి చెట్టు రసం పీల్చే మొక్క, పట్టి ఉంటే, ఆ బదనిక పూసినప్పుడు కాసేపు కింద నిలబడి చూడండి. ఈ పిట్టలు ఒక పూగుత్తి నుంచి మరొకదానికి తిరుగుతూ పుప్పొడిని మోసుకెళ్తాయి. పొడవాటి పూల విషయంలో మాత్రం ఒక్కోసారి అడుగున ముక్కుతో చిల్లు పొడిచి తేనె తాగేస్తాయి, అప్పుడు ఆ పువ్వుకు మేలేమీ జరగదు.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ ఉదయం అది మందారం మీద ఒరిగి వాలినప్పుడు రెక్క మొదట్లో నీలి మెరుపు స్పష్టంగా కనిపించింది. తీగ మీది పాత గూడును తీయబోయాను, ఆగిపోయాను. బట్టలు మరోచోట ఆరేసుకుంటున్నాం.