వేడికి ఆగే అమైలేజ్ కోసం శాంపిల్ ఎక్కడ తీయాలి?

ఓరుగల్లు పిల్ల:
అన్నలకు, అక్కలకు నమస్తే. హనుమకొండలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ చదువుతున్నా. ప్రాజెక్టుకి ఫ్యాక్టరీల్లో పనికొచ్చే అమైలేజ్ (పిండిని చక్కెరలుగా విరగ్గొట్టే ఎంజైమ్) ఒకటి, దాన్ని తయారుచేసే బ్యాక్టీరియాలోంచి వెతకాలని ఉంది. మణుగూరు దగ్గర పగిడేరు బోర్ల వేడినీళ్లు తేవాలా, మహారాష్ట్రలో లోనార్ సరస్సు దాకా పోవాలా తేలడం లేదు. టైమ్ తక్కువ ఉంది, టెన్షన్‌గా ఉంది.

ఎంజైమ్ అన్న:
చెల్లె, చోటు తర్వాత చూద్దువుగానీ, ఆ ఎంజైమ్ ఏ పనికి కావాలో ముందు అనుకో. మక్క పిండి నుంచి గ్లూకోజ్ తీసే ఫ్యాక్టరీలో పిండి జావను 105 డిగ్రీల దాకా వేడిచేసి, తర్వాత 95 దగ్గర గంటకు పైగా ఉంచుతారు, పీహెచ్ 6 దరిదాపుల్లో. అదే సబ్బుపొడిలో వేయాలంటే అంత వేడి అక్కర్లేదు, క్షారానికి ఆగితే చాలు. లోనార్ నీళ్ల పీహెచ్ 10 దాకా ఉంటుంది, అంటే బాగా క్షారం, కానీ అవి వేడినీళ్లు కావు, గ్లూకోజ్ పనికైతే అంత దూరం పోయి లాభం లేదు.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది వదిలేస్తారు. వేడి కణం లోపలికీ పోతుంది, అందుకే 80 డిగ్రీల్లో పెరిగే జీవిలో ప్రతి ఎంజైమూ ఆ వేడికి ఓర్చుకోవాల్సిందే. క్షారం అట్లా కాదు. బయట పీహెచ్ 10 ఉన్నా ఆ బ్యాక్టీరియా తన లోపల 8 చుట్టుపక్కలే ఉంచుకుంటుంది. కాబట్టి లోనార్ లాంటి సోడా సరస్సు జీవుల్లో బయటికి వదిలే ఎంజైములే క్షారానికి అలవాటు పడి ఉంటాయి, లోపలివి తీసి చూస్తే నిరాశే.

ల్యాబ్ అక్క:
అన్న చెప్పింది నిజం. నీకు పగిడేరు దూరమైతే ఉప్పుడు బియ్యం మిల్లులో వేడినీళ్లలో వడ్లు నానబెట్టే తొట్ల దగ్గర బురద తీసి చూడు, అక్కడ వేడీ ఉంది, పిండీ ఉంది. బాగా మాగుతున్న ఎరువు కుప్ప నడుమ కూడా 60 దాటుతుంది. బ్యాక్టీరియాను పెంచే పిండి ప్లేట్లు మాత్రం 37 డిగ్రీల్లో పెట్టకు, ఎక్కడి నుంచో కొట్టుకొచ్చి పడున్న బాసిల్లస్ స్పోర్లు ముందు లేచి కూర్చుంటాయి. 60లో పెట్టు, ఎండిపోకుండా తడిగుడ్డ వేసిన డబ్బాలో మూసి. అయోడిన్ పోసే ముందు ప్రతి కాలనీకి ఇంకో ప్లేట్ మీద కాపీ తీసుకో, ఎందుకంటే అయోడిన్ పడ్డది మళ్లీ పెరుగుతుందన్న నమ్మకం లేదు. అయోడిన్‌తో పిండి నల్లబడుతుంది, అమైలేజ్ పిండిని తినేసిన చోట కాలనీ చుట్టూ తెల్లటి వలయం మిగులుతుంది; ఆ వలయం పెద్దగా వచ్చిందని సంబరపడకు, కల్చర్ ద్రవాన్ని 90లో అరగంట ఉంచి ఎంత పని మిగిలిందో కొలువు. ఆ ద్రవంలో కాస్త కాల్షియం కలిపి కూడా చూడు, చాలా అమైలేజ్‌లు అది లేకపోతే వేడికి నిలవవు.

ఓరుగల్లు పిల్ల:
థాంక్యూ అక్కా, మిల్లు వాళ్లను అడుగుతా. ఒకవేళ 90లో ఆగకపోతే ప్రాజెక్టు పోయినట్టేనా?

పాత విద్యార్థి:
పోదు. 'పని ముందు' అన్నమాట ప్రాజెక్టుకు సరే, కానీ అన్నిసార్లూ అట్లా జరగలేదు. అమెరికాలోని ఎల్లోస్టోన్ వేడి ఊటలో దొరికిన థర్మస్ అక్వాటికస్ అనే బ్యాక్టీరియా గురించి బ్రాక్, ఫ్రీజ్ అనే శాస్త్రవేత్తలు 1969లో రాసినప్పుడు పీసీఆర్ (డీఎన్ఏకి కాపీలు తీసే పద్ధతి) అన్నదే లేదు. దాని పాలిమరేజ్‌ను, అంటే డీఎన్ఏ కాపీ తీసే ఎంజైమ్‌ను, వేరుచేసింది 1976లో, పీసీఆర్‌లోకి వచ్చింది 1980లలో. ఆ బ్యాక్టీరియాను కల్చర్ కలెక్షన్‌లో దాచి పెట్టారు కాబట్టే తర్వాత వాళ్ల చేతికి అందింది. నువ్వూ వేరుచేసిన ప్రతి బ్యాక్టీరియానూ (ఐసొలేట్) గ్లిసరాల్‌లో మైనస్ 80లో పెట్టు, తీసిన చోటు, అక్కడి వేడి, పీహెచ్ ట్యూబు మీదా నోట్‌బుక్‌లోనూ రాయి.