ఓడుతున్న క్లబ్‌కు అదనపు డ్రాఫ్ట్ పిక్‌లు ఇస్తే నిజంగా బాగుపడుతుందా? (ఏఎఫ్‌ఎల్, ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్)

తార్నీట్ శ్రీను:
నేను నార్త్ మెల్‌బోర్న్ అభిమానిని. 2016లో మెల్‌బోర్న్‌కు వచ్చిన కొత్తలో ఆఫీసులో ఒకాయన తన దగ్గర మిగిలిన టికెట్ ఇచ్చి డాక్‌లాండ్స్‌కు తీసుకెళ్లాడు. ఆ రోజు నుంచి నీలం తెలుపు చారలే మా ఇంటి రంగు. ఆ ఏడాది జట్టు మొదటి తొమ్మిది మ్యాచ్‌లూ వరసగా గెలిచింది. ఇప్పుడు చూడండి, 2020 నుంచి 2025 వరకు ఆరు సీజన్లలో కలిపి గెలిచినవి 20 మ్యాచ్‌లు.

నిన్న లంచ్‌లో మళ్లీ ఇదే గొడవ. "మీకు ఏఎఫ్‌ఎల్ వాళ్లు పిక్‌లు దానం చేస్తూనే ఉన్నారు, మీరు ఓడుతూనే ఉన్నారు, ఇక చాలు" అన్నారు. నాకు చాలా బాధేసింది. అందుకే ఇక్కడ అడుగుతున్నాను.

ఆట కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం రెండు ముక్కలు. ఏటా సీజన్ అయ్యాక 18 ఏళ్ల కుర్రాళ్లను క్లబ్‌లు డ్రాఫ్ట్‌లో ఎంచుకుంటాయి. ఒక్కో ఎంపిక అవకాశమే ఒక పిక్. లాడర్‌లో (పాయింట్ల పట్టికలో) అడుగున ఉన్న జట్టుకు మొదటి అవకాశం. మరీ దెబ్బతిన్న క్లబ్‌కు దానిపైన ఇంకో పిక్ ఇస్తారు, అదే ప్రయారిటీ పిక్. ఒకప్పుడు ఇన్ని గెలుపులకు తక్కువైతే ఇస్తామని లెక్క ఉండేది. 2012 నుంచి ఏఎఫ్‌ఎల్ కమిషన్ ఇష్టానికి వదిలేశారు.

నా మాట ఇది: సాయం చేయాలి. కానీ ఎప్పుడు, ఎంత అన్నది సీజన్‌కు ముందే రాసి పెట్టాలి.

జీలాంగ్ శేషు:
శ్రీను గారూ, ముందే రాసి పెట్టినప్పుడు ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. 2009 మెల్‌బోర్న్ డీమన్స్. అప్పటి రూల్ ప్రకారం వరసగా రెండేళ్లు నాలుగు గెలుపులు దాటకపోతే డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌కు ముందే ఒక పిక్ వస్తుంది. 2008లో వాళ్లు గెలిచింది మూడు. 2009లో సరిగ్గా నాలుగు దగ్గర ఆగారు. 1, 2 నంబర్ పిక్‌లు రెండూ వాళ్లకే వచ్చాయి.

ఐదో గెలుపు వస్తే కోట్ల విలువైన కుర్రాడు పోతాడని తెలిసినప్పుడు ఆ క్లబ్‌లో ఎవరు మనసుపెట్టి గెలవమంటారు? తర్వాత ఏఎఫ్‌ఎల్ విచారణ చేసింది. మైదానంలో కావాలని ఓడినట్టు తేలలేదు కానీ 2013లో క్లబ్‌కు 5 లక్షల డాలర్ల జరిమానా వేశారు. అప్పటి కోచ్ డీన్ బెయిలీ, ఫుట్‌బాల్ మేనేజర్ క్రిస్ కనోలీ సస్పెండ్ అయ్యారు.

2007లో చివరి రౌండ్‌లో కార్ల్‌టన్, మెల్‌బోర్న్ ఆడిన మ్యాచ్‌ను జనం ఇప్పటికీ 'క్రూజర్ కప్' అంటారు. ఓడినందుకు కార్ల్‌టన్‌కు ఆ ఏడాది మొదటి పిక్‌గా మాథ్యూ క్రూజర్ దొరికాడు. 2005లో మర్ఫీ, 2006లో గిబ్స్, 2007లో క్రూజర్. మూడేళ్లు వరసగా ఒకటో నంబర్ పిక్. ఆ ముగ్గురూ ఉండగా ఒక్క గ్రాండ్ ఫైనల్ కూడా ఆడలేదు.

మా జీలాంగ్ 2007, 2009, 2011, 2022ల్లో ఫ్లాగ్ (ఛాంపియన్‌షిప్) గెలిచింది. ఇన్నేళ్లలో అడుగుకు వెళ్లి ఎవరినీ చేయి చాచి అడగలేదు.

తార్నీట్ శ్రీను:
శేషు గారూ, పనిచేసినవి కూడా చెప్పాలి కదా. 2004లో హాథోర్న్ నాలుగు మ్యాచ్‌లే గెలిచింది. ఆ డ్రాఫ్ట్‌లో 2, 5, 7 నంబర్లలో రఫ్‌హెడ్, బడ్డీ ఫ్రాంక్లిన్, జోర్డన్ లూయిస్. 2008లో ఫ్లాగ్. 2005లో కాలింగ్‌వుడ్‌కు ప్రయారిటీ పిక్‌తో డేల్ థామస్, ఐదో పిక్‌తో పెండిల్‌బరీ. 2010లో ఫ్లాగ్.

ఇక జీలాంగ్ సంగతి. డేంజర్‌ఫీల్డ్ సొంత ప్రాంతానికి రావాలనుకున్నాడు, వచ్చాడు. జెరెమీ కామెరాన్ వచ్చాడు. బెయిలీ స్మిత్ వచ్చాడు. గెలిచే జట్టు, సముద్రం పక్కన ఊరు. అక్కడికి పిలిస్తే ఎవరైనా వస్తారు. నార్త్‌కు రమ్మంటే ఎవరొస్తారు? 2021లో ఒకటో నంబర్‌తో తీసుకున్న హోర్న్-ఫ్రాన్సిస్ ఒక్క సీజన్ ఆడి పోర్ట్ అడిలైడ్ క్లబ్‌కు వెళ్లిపోయాడు. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కొత్తగా వచ్చిన రవి:
అన్నా, నేను హైదరాబాద్ నుంచి వచ్చి ఎనిమిది నెలలే అయ్యింది. తప్పుగా అడిగితే ఏమనుకోవద్దు. మన సన్‌రైజర్స్ 2023లో ఐపీఎల్‌లో ఆఖరున ఉంది. వేలంలో కమిన్స్‌ను 20.5 కోట్లకు కొని, ఆటతీరు మార్చి 2024లో ఫైనల్‌కు వెళ్లింది. ఇక్కడ ఆరేళ్లు ఎందుకు పడుతోంది?

గోల్డ్ కోస్ట్ మాధవి:
రవీ, మంచి ప్రశ్న. ఐపీఎల్‌లో తయారైన ఆటగాడిని కొంటారు. ఇక్కడ డ్రాఫ్ట్‌లో వచ్చేది పన్నెండో క్లాస్ పరీక్షలు రాసిన పిల్లాడు. ఒళ్లు గట్టిపడి, పెద్దవాళ్లతో ఢీకొని నిలబడటానికే మూడు నాలుగేళ్లు కావాలి. వేలం లేదు. సాలరీ క్యాప్ (జట్టు మొత్తం జీతాలకు పరిమితి) ఉంది. కాంట్రాక్టులో ఉన్న ఆటగాడిని అతని ఒప్పుకోలు లేకుండా ట్రేడ్ చేయలేరు. అంటే లాగేసుకోవడానికి దారులు చాలా తక్కువ.

నేను గోల్డ్ కోస్ట్ సన్స్ క్లబ్ సభ్యురాలిని. కాబట్టి మా కథ చెప్తాను, ఎందుకంటే ఈ చర్చలో అందరూ మమ్మల్నే వేలెత్తి చూపిస్తారు.

2011లో మా క్లబ్ మొదలైంది. అంతకుముందు ఏడాది డ్రాఫ్ట్‌లో 1, 2, 3 పిక్‌లు మావే. ఆ తర్వాత కూడా వరసగా ఎన్నో. ఇంతమంది పిల్లలను ఒకేసారి ఒక చోట పడేశారు. వాళ్లకు నేర్పించే పెద్దవాళ్లు చాలినంత మంది లేరు. ఓటములు మొదలయ్యాక ఒక్కొక్కరూ వెళ్లిపోయారు. ప్రెస్టియా, టామ్ లించ్ రిచ్‌మండ్‌కు వెళ్లి ఫ్లాగ్‌లు గెలిచారు. స్టీవెన్ మే మెల్‌బోర్న్‌కు వెళ్లి 2021లో గెలిచాడు. మేం పెంచిన పిల్లలు వేరే జెర్సీలో మెడల్ వేసుకుంటుంటే టీవీ ముందు కూర్చుని చూశాను. చిల్లు కుండలో ఎన్ని నీళ్లు పోసినా ఏం లాభం?

2019లో మూడే గెలిచాం. అప్పుడు ఏఎఫ్‌ఎల్ ఇచ్చిన సాయం వేరే రకంగా ఉంది. డ్రాఫ్ట్ మొదట్లో ఒక పిక్ ఇచ్చారు, దానితోనూ మా సొంత పిక్‌తోనూ 1, 2లుగా మాట్ రోవెల్, నోవా ఆండర్సన్ వచ్చారు. ఇద్దరూ చిన్నప్పటి స్నేహితులు. తర్వాతి రెండేళ్లకూ పిక్‌లు, డార్విన్ ప్రాంతం కుర్రాళ్ల మీద మాకు హక్కు, కొత్త కుర్రాళ్లను ఉంచే రూకీ లిస్ట్‌లో ఎక్కువ చోటు. అలా ఇచ్చినా 2025 దాకా ఫైనల్స్ (లీగ్ మ్యాచ్‌ల తర్వాత పై జట్లు ఆడేవి) చూడలేదు. ఆ ఏడాది రోవెల్‌కు బ్రౌన్‌లో (సీజన్ ఉత్తమ ఆటగాడి మెడల్) వచ్చింది, ఆండర్సన్ కెప్టెన్‌గా ఉన్నాడు, పెర్త్‌లో ఫ్రీమాంటిల్‌ను ఒక్క పాయింట్‌తో ఓడించాం. ఆరేళ్లు పట్టింది. ఆ ఇద్దరూ వెళ్లిపోకుండా ఉండటమే నా లెక్కలో అసలు మలుపు. హార్డ్‌విక్ లాంటి కోచ్ వచ్చాక వాళ్లకు నమ్మకం కుదిరింది.

జీలాంగ్ శేషు:
మాధవి గారూ, గౌరవంతోనే అంటున్నాను, మీరు అకాడమీ సంగతి దాటేశారు. 2023లో మీ అకాడమీ నుంచి జెడ్ వాల్టర్, ఈథన్ రీడ్, జేక్ రోజర్స్, విల్ గ్రాహమ్ నలుగురూ ఒకే డ్రాఫ్ట్‌లో వచ్చారు, అందరూ మొదటి రౌండ్‌లోనే. అకాడమీ కుర్రాడిని వేరే క్లబ్ పిలిస్తే, మీ పిక్‌లకు ఉన్న పాయింట్లు కట్టి మీరే తీసుకోవచ్చు. ఆ పాయింట్ల లెక్కలో మీకు 20 శాతం తగ్గింపు కూడా. మీరు 4 నంబర్ పిక్‌ను బుల్‌డాగ్స్‌కు అమ్మి, దానికి బదులు వచ్చిన కింది పిక్‌ల పాయింట్లు కలుపుకుని, 3 నంబర్‌లో పిలుపు వచ్చిన కుర్రాడిని తీసుకున్నారు. లాడర్ ప్రకారం వరస అన్న మాటకు అర్థం ఏముంది?

గోల్డ్ కోస్ట్ మాధవి:
దాటేయలేదు, రాస్తూ రాస్తూ పొడవైపోయిందని ఆపాను. తగ్గింపు ఎక్కువేనని నేనూ ఒప్పుకుంటాను, 2025లో దాన్ని 10 శాతానికి తగ్గించడం న్యాయమే. కానీ అకాడమీ మాకు నారుమడి. క్వీన్స్‌ల్యాండ్‌లో పిల్లలు రగ్బీ లీగ్ బంతి పట్టుకుని పెరుగుతారు. పదకొండేళ్లప్పుడే వాళ్లను ఈ ఆట వైపు తెచ్చి, ఏళ్ల తరబడి డబ్బు పెట్టి పెంచింది క్లబ్. నారు పోసినవాళ్లకు ఒక బస్తా ఎక్కువ రాకూడదా?

పాయింట్ కుక్ హరి:
మీరంతా పిక్‌ల దగ్గరే ఆగిపోయారు. ట్రేడ్ రూల్ మార్చండి చాలు. ఎన్‌బీఏలో క్లబ్ అనుకుంటే ఆటగాడిని ఎక్కడికైనా పంపుతుంది. ఇక్కడ కాంట్రాక్టులో ఉన్నవాడు కూడా "నేను ఫలానా క్లబ్‌కే వెళ్తాను" అంటాడు. ఇక ఆ ఒక్క క్లబ్ ఎంత ఇస్తే అంత పుచ్చుకోవాలి. బేరం ఎక్కడుంది? పెద్ద జీతం తీసుకునేవాళ్లనైనా వాళ్ల అనుమతి లేకుండా ట్రేడ్ చేయనివ్వాలి. అప్పుడు కింది క్లబ్‌లకు సరైన ధర దొరుకుతుంది.

సుజాత, ట్రుగనీనా:
హరి గారూ, నేను స్పాన్సర్ వీసా మీద వచ్చిన మనిషిని. నాలుగేళ్లు కంపెనీ ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చున్నాను. పాప స్కూల్లో కుదురుకున్నాక ఒక శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసి "వచ్చే నెల నుంచి బ్రిస్బేన్" అన్నారు. ఆ టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. జీతం ఎక్కువ కాబట్టి సర్దుకోవాలంటే నేను ఒప్పుకోను.

ఈ కుర్రాళ్లకు మొదటి ఊరే వాళ్ల చేతిలో లేదు. పద్దెనిమిదేళ్లకు డ్రాఫ్ట్‌లో పేరు పిలిస్తే పెర్త్ అబ్బాయి మెల్‌బోర్న్ వచ్చేయాలి. నచ్చిన క్లబ్‌కు వెళ్లగల ఫ్రీ ఏజెంట్ కావాలంటే ఎనిమిది సీజన్లు ఆగాలి. అప్పటికి చాలామంది మోకాలో భుజమో పోయి ఆట మానేసి ఉంటారు. ఉన్న ఆ ఒక్క మాట హక్కు కూడా తీసేస్తామంటున్నారు.

పాయింట్ కుక్ హరి:
సుజాత గారూ, ఆ కోణంలో నేను చూడలేదు. కాంట్రాక్టు మధ్యలో పిల్లలు, ఇల్లు ఉన్నవాళ్ల విషయంలో మీరన్నదే సరి. అయినా కాంట్రాక్టుకు ఆటగాడు ఎంత కట్టుబడాలో క్లబ్ కూడా అంతే కట్టుబడాలి, ఇప్పుడు ఆ తూకం లేదని మాత్రం అంటాను.

తార్నీట్ శ్రీను:
రాత్రి మళ్లీ కూర్చుని అన్నీ చదివాను. నా అభిప్రాయం కొంత మారింది.

2009 డ్రాఫ్ట్ గురించి శేషు గారు చెప్పారు కదా, దాని మిగతా సగం ఇది. ఒకటో పిక్ టామ్ స్కల్లీ రెండేళ్లకే సిడ్నీలోని కొత్త క్లబ్ జీడబ్ల్యూఎస్‌కు వెళ్లిపోయాడు. రెండో పిక్ జాక్ ట్రెంగోవ్‌ను ఇరవై ఏళ్లకే కో-కెప్టెన్‌ను చేశారు, పాపం కాలి గాయంతో నలిగిపోయాడు. అదే డ్రాఫ్ట్‌లో 34వ పిక్‌తో తీసుకున్న పొడుగు కుర్రాడు మాక్స్ గాన్. 2021లో 57 ఏళ్ల తర్వాత కప్పు ఎత్తిన కెప్టెన్ అతనే.

మధ్యలో 2013లో మెల్‌బోర్న్ రెండే గెలిచి ప్రయారిటీ పిక్ అడిగితే ఏఎఫ్‌ఎల్ ఇవ్వలేదు. అప్పుడు పాల్ రూస్ కోచ్‌గా వచ్చాడు. 2వ పిక్‌ను దాచుకోకుండా జీడబ్ల్యూఎస్‌కు ఇచ్చి, డామ్ టైసన్‌నూ 9వ పిక్‌నూ తెచ్చుకున్నారు. ఆ 9వ పిక్కే క్రిస్టియన్ సేలమ్. ముందు జట్టును మ్యాచ్‌లో నిలబడేలా చేశారు, ఆ తర్వాత వచ్చిన పెట్రాకా, ఆలివర్‌లకు ఎదగడానికి చోటు దొరికింది.

కాబట్టి నేనడిగేది ఇప్పుడు ఇది. ఓడుతున్న క్లబ్‌కు కోచింగ్ ఖర్చు మీద ఉన్న పరిమితిని సడలించండి. కోవిడ్ తర్వాత ఆ సాఫ్ట్ క్యాప్‌ను బాగా కోసేశారు. ఆ కోత ఎక్కువ తగిలేది ఇరవై ఏళ్ల లోపు పిల్లలు నిండిన జట్టుకే, ఎందుకంటే వాళ్లకు నేర్పించేవాళ్లు కావాలి. సాలరీ క్యాప్‌లో 95 శాతం ఖర్చు పెట్టి తీరాలన్న రూల్‌ను కూడా వాళ్ల వరకు వదులు చేయండి. గెలవని జట్టు కూడా అంత డబ్బు పంచాల్సి రావడంతో మామూలు ఆటగాళ్లకు పెద్ద జీతాలు రాస్తోంది. మిగిలిన డబ్బు తర్వాతి ఏళ్లకు దాచుకోనిస్తే, ముప్పై దగ్గరున్న మంచి ఆటగాళ్లను నలుగురిని పిలవొచ్చు. ముప్పై దాటాక 2018లో బ్రిస్బేన్‌కు వెళ్లిన ల్యూక్ హాడ్జ్ అక్కడి కుర్రాళ్లకు చేసింది అదే కదా.

జీలాంగ్ శేషు:
దీనికి నేను చేయి ఎత్తుతాను. కోచ్‌ల కోసమైతే ఎవరూ మ్యాచ్ ఓడరు.

ఇంకొకటి కూడా కలపండి. ఫ్రీ ఏజెంట్ వెళ్లిపోతే ఇచ్చే కాంపెన్సేషన్ పిక్. అది చాటుగా ఇచ్చే ప్రయారిటీ పిక్ అని నా గట్టి నమ్మకం. 2013లో ఫ్రాంక్లిన్ అంతటివాడు సిడ్నీకి వెళ్తే హాథోర్న్‌కు వచ్చింది 19. మరుసటి ఏడాది ఫ్రాలీ వెళ్తే మెల్‌బోర్న్‌కు 3. 2023లో బెన్ మెకే వెళ్తే మీ నార్త్‌కు 3. 2025లో ఆస్కార్ అలెన్ బ్రిస్బేన్‌కు వెళ్తే వెస్ట్ కోస్ట్‌కు 2. ఆటగాడి విలువ ఒక్కదాన్నే బట్టి కాదు, క్లబ్ లాడర్‌లో ఎక్కడుందో దాన్ని కూడా బట్టి బహుమతి. మధ్యలో ఉన్న జట్లు ఒక్కో మెట్టు వెనక్కి జరగాలి, వాళ్లు చేసిన తప్పేమీ లేకపోయినా. దీన్ని తీసేయమంటారా?

తార్నీట్ శ్రీను:
మెకే విషయంలో మాకు ఎక్కువే దక్కిందని ఆ రోజే మా వాళ్లతో అన్నాను. తీసేయమనే అంటాను, ఒక్కసారిగా కాకుండా రెండేళ్లు ముందు చెప్పి. 2028లో టాస్మేనియా వస్తోంది, ఎలాగూ డ్రాఫ్ట్ లెక్కలు అన్నీ మారతాయి.

జీలాంగ్ శేషు:
మంచిది. ఆఖరి ప్రశ్న, నొప్పించడానికి కాదు. 2024లో మీ క్లబ్ తన తర్వాతి ఏడాది మొదటి రౌండ్ పిక్‌ను రిచ్‌మండ్‌కు ఇచ్చి 27వ పిక్ తీసుకుంది. సాయం అడిగే ఇంట్లో వచ్చే ఏడాది విత్తనాలు అమ్ముకోవచ్చా?

తార్నీట్ శ్రీను:
అమ్ముకోకూడదు. ఆ ట్రేడ్ రోజున మా అమ్మాయి "నాన్నా, మనం మళ్లీ అడుగునే ఉంటే?" అని అడిగింది. 2025లో మేం 16వ స్థానంలో ముగించాం. ఏఎఫ్‌ఎల్ నుంచి ఏ రకం సాయం తీసుకున్న క్లబ్ అయినా మూడేళ్లపాటు తన రాబోయే మొదటి రౌండ్ పిక్‌ను ట్రేడ్ చేయకూడదన్న షరతు పెడితే, నార్త్ మనిషిగా మొదటి సంతకం నేనే పెడతాను.