మా ఇంటిపేరు ‘లంక’ ఎక్కడిది? రంగూను వెళ్లిన ముత్తాత పుట్టిన ఊరు తెలిసేదెలా?

అమలాపురం అమ్మాయి: మా ముత్తాత కాకినాడలో ఓడెక్కి రంగూను వెళ్లి బియ్యం మిల్లులో పనిచేశారు. 1942లో జపాను దాడికి అరకాన్ కొండల మీదుగా నడిచి వచ్చారని నాన్నమ్మ చెప్పేది. ఊళ్లో మమ్మల్ని ‘రంగూను వారు’ అంటారు, కాగితాల్లో ఇంటిపేరు లంక. ఆయన పుట్టిన ఊరు ఎవరికీ తెలియదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

పాత దస్త్రాలు: ముప్పై రెండేళ్లు రెవెన్యూ రికార్డులు చూసినవాణ్ణి. అందరూ ‘తూర్పు గోదావరి’ అని వెతికి ఉత్త చేతులతో వస్తారు. ఆ పేరు వచ్చింది 1925లో. అంతకుముందు గోదావరి జిల్లా, 1859కి ముందు రాజమండ్రి జిల్లా. ఇనాం భూమి, అంటే సర్కారు మాన్యంగా ఇచ్చిన నేల ఉంటే, వాటిని నమోదు చేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టరు తీయించండి.

కౌలురైతు బిడ్డ: ఇనాం ఉన్నవారికే చరిత్ర ఉంటుందా? మా తాతలు లంక భూముల్లో, అంటే నది మధ్య దిబ్బల్లో, కౌలుకు పొగాకు వేశారు. ఏ రిజిస్టరులోనూ వారు లేరు. ఈ ఇంటిపేరు గోదావరి లంకదే. ఊబలంక, ఎదుర్లంక, కేదార్లంక, ఎన్ని లేవు!

పాత దస్త్రాలు: తొందరపడకండి. లంకలు కృష్ణలోనూ ఉన్నాయి. ఒకే ఇంటిపేరు వేరువేరు కులాల్లో ఉంటుంది. ముందు గోత్రం చెప్పమనండి.

కౌలురైతు బిడ్డ: గోత్రం అడగడమంటే కులం అడగడమే. 1986 వరదలో మా ఇంటి నేల కోసుకుపోయింది, ఇప్పుడు అక్కడ పడవలు తిరుగుతున్నాయి. ఊరే పోయినవారికి ఇంటిపేరొక్కటే మిగులుతుంది. కుర్చీలో కూర్చున్నవారికి అది తెలియదు.

పాత దస్త్రాలు: ఆ వరదలో పడవ మీద తిరిగి నష్టం రాసినవాణ్ణి నేను. మాట జాగ్రత్త.

యానాం వాసి: నా సంగతి వినండి. 1930లో శారదా చట్టం అమలయ్యాక చుట్టుపక్కల వారు బాల్యవివాహాలు మా ఊళ్లో చేసేవారు. అప్పుడు ఇక్కడ ఫ్రెంచివారి పాలన, ఆ చట్టం వర్తించేది కాదు. యానానికి కల్యాణపురమనే పేరు అందుకే వచ్చింది. మా అమ్మమ్మ పెళ్లీ అలాగే జరిగింది, ఎనిమిదేళ్లకు. నిరుడు భోషాణంలో లగ్నపత్రిక దొరికింది. రెండు వైపులా మూడు తరాల పేర్లు! ఆమె పుట్టింటి పేరు మొదటిసారి చదివి ఏడ్చేశాను.

ముమ్మిడివరం కోడలు: అందులో అమ్మమ్మ తల్లి పేరు ఉందా?

యానాం వాసి: లేదండి.

ముమ్మిడివరం కోడలు: నా బాధ అదే. 2015 పుష్కరాల్లో కోటిలింగాల రేవులో మా మామగారు తాత ముత్తాతల పేర్లు గడగడా చెప్పారు. ముత్తవ్వ పేరు దగ్గర నోరు ఆగిపోయింది. ఇక్కడ లంక ఏ నదిదని కొట్టుకుంటున్నారు. పెళ్లితో ఇంటిపేరే మారిపోయిన ఆడవారిని ఎవరు వెతుకుతారు?

అమలాపురం అమ్మాయి: రంగూను సంగతి ఎవరూ చెప్పలేదు. నాన్నమ్మ ట్రంకుపెట్టెలో అక్కడి కాగితం ఒకటి ఉంది, ‘కోరంగి’ అని రాసి ఉంది. ఆదివారం కోరంగి వెళ్తున్నాను.

తాళ్లరేవు: ఆగమ్మా! బర్మాలో తెలుగువారిని కోరంగీలనే పిలిచేవారు, ఓడలెక్కే కోరంగి రేవు పేరును బట్టి. శ్రీకాకుళం నుంచి వెళ్లినా కోరంగీయే. అది తెలియక మా తాత కోసం ఇక్కడ రెండేళ్లు ఇల్లిల్లూ తిరిగాను. చివరికి ఆయన ఊరు తుని అవతల తేలింది.

అమలాపురం అమ్మాయి: బస్సు టికెట్టు కూడా తీసుకున్నానండి. ముత్తవ్వ పుట్టిల్లు ఊబలంక వైపని మా పెద్దత్త ఒకసారి అన్నది, నేను పట్టించుకోలేదు. ఆమెకు తొంభై దాటాయి. ఆదివారం ఆమె దగ్గరికే వెళ్తాను.